నా మీద నీకేటైనా ఉందా?

మా ప్రకాశం మావయ్య వెళ్ళిపోయారు. పోర్టు దగ్గరి మా క్లియరెన్సు ఆఫీసులో ఓడ కాగితాలు చూసుకుంటూ ఉండగా అమ్మ ఫోను చేసింది. "అన్నయ్య పోయాడే" అంది. ఊపిరితిత్తులు చెడి చాలాకాలంగా జబ్బుతో ఉన్న మనిషే, ఊహించని మరణమేమీ కాదు. అయినా ఆయన లేని విశాఖపట్నం ఎలా ఉంటుందో ఊహించుకునే శక్తి ఆ క్షణాన నాకు లేకపోయింది.

కన్నీటితో రాద్దామని కూర్చున్నాను. అసహ్యంతో రాస్తున్నాను. దాచి ప్రయోజనం లేదు. ఆ అసహ్యం ఆయన మరణం వల్ల కలిగింది కాదు, ఆ మరణానికి మావాళ్ళు చేసిన మర్యాద వల్ల కలిగింది.

గాజువాకలోని మా మందిరంలో ఆదరణ కూడిక, అంటే సంతాప సభ, పెట్టారు. గుమ్మం ముందు నిలువెత్తు ఫ్లెక్సీ. నీలి మేఘాలు, తెల్ల పావురాలు, మధ్యలో ఎప్పుడో ఫ్యాక్టరీ కార్డు కోసం దిగిన మావయ్య ఫొటో. దాని కింద వరసగా సంఘ పెద్దల ఫొటోలు, అవే పెద్దవి. వాటిలోకెల్లా పెద్దది మా నాన్న జయరాజుది. "ప్రభువునందు నిద్రించిన" అని రాయించారు. బతికుండగా ఈ మనుషులు ఆయన్ని కంటినిండా నిద్రపోనిస్తే కదా! లోపల ఫోన్లు ఎత్తిపట్టి లైవ్ ఇస్తున్న యువజనులు, బయట బిరియానీ డేగిసాల చుట్టూ ముక్కల గురించి వాకబులు. ఛీ అనిపించింది.

నాన్న మైకు అందుకున్నాడు. ఇంట్లో మా అందరిలాగే మాట్లాడే మనిషికి వేదిక ఎక్కగానే ఎక్కడలేని గ్రాంథికం వస్తుంది. "ప్రియులారా, ప్రకాశం నాకు బావ కాడు, నా ప్రాణము. ఆయన ఆఖరి ఘడియల్లో మంచం పక్కనే ఉండి, ఈ చేతులతోనే ఆయనకు ప్రభువు బల్ల రొట్టె అందించే ధన్యత నాకు కలిగినది" అని కళ్ళు తుడుచుకున్నాడు. సభ మొత్తం ఆమెన్ అంది. ఆ మంచం పక్కన ఉన్నది అమ్మా నేనూ. నాన్న ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. మావయ్య ఏళ్ళ తరబడి రొట్టె ముట్టకుండానే కన్నుమూశారు. ఆయనకు ఆ రొట్టె అందకుండా చేసిన మనిషే మైకులో దాన్ని తినిపించేశాడు.

అందుచేత, ఆయనెవరో తెలిసినవాళ్ళకూ తెలియాల్సినవాళ్ళకూ నాలుగు నిజాలు చెప్పడం నా విధి.

ప్రకాశం మావయ్య పుట్టింది, పెరిగింది మల్కాపురంలో. మా అమ్మకు పెద్దన్నయ్య. ఆటోనగర్‌లో ఇప్పుడు మూతపడిపోయిన ఒక ఫౌండ్రీలో, పాత తుక్కు ఇనుము కరిగించి అచ్చులు పోసే చోట, షిఫ్టు పెద్దగా పనిచేశారు. నాన్న అదే షిఫ్టులో ఆయన తర్వాతి మనిషి. మావయ్యకు పిల్లల్లేరు, అత్తయ్య తొందరగా పోయింది. నన్నే అమ్మలూ అని పిలిచి పెంచుకున్నంత పనిచేశారు. ఆ రోజుల్లో ఆయన భక్తికి చాలా చప్పుడుండేది. ప్రార్థన మొదలుపెడితే పక్క వీధిలో కుక్కలు మొరిగేవని అమ్మ ఎగతాళి చేసేది. "దేవుడికి సెవుడేటన్నయ్యా?" అంటే, "నాకే సెవుడు, నాకు ఇనపడాలని అరుస్తన్నాను" అని నవ్వేసేవారు. ఆ మాటలో ఎంత నిజముందో తర్వాత తెలిసిందని ఆయనే అన్నారు.

ఫౌండ్రీలో ఒక ప్రాణం పోయింది. భీమిలి దగ్గరి మత్స్యకారుడు పోలయ్య, వేట నిషేధం నెలల్లో సముద్రం మీదికి వెళ్ళే వీల్లేక కూలికి వచ్చినవాడు. అంతకుముందు అకాల వర్షం కురిసి, షెడ్డు బయట పోసిన తుక్కంతా తడిసింది. కరిగిన ఇనుములో తడి పడితే అది పేలి పైకి లేస్తుంది. కొలిమి దగ్గర పనిచేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. ఆర్డరు తొందరగా వెళ్ళాలని నాన్న "వెయ్యండ్రా, ఏటీ అవదు" అన్నాడు. మావయ్య పక్కనే ఉన్నారు, చూశారు, మాట్లాడలేదు. పోలయ్య బుట్ట ఎత్తి వేశాడు. ఇంతకన్నా నేను రాయలేను.

విచారణకు అధికారి వచ్చాడు. "తాగొచ్చి తూలి పడ్డాడు" అని నాన్న చెప్పాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి గురించి! యాజమాన్యం ఊపిరి పీల్చుకుంది. మావయ్యనూ అడిగారు. ఆయన తల ఊపారు. అంతే, ఒక్కసారి తల ఊపారు.

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసపు చిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని సంఘ పెద్దలు వరస వరసకూ వస్తారు. తీసుకునే ముందు ఎవర్ని వారు పరీక్షించుకోవాలని, తమ మీద ఎవరికైనా ఏదైనా ఉంటే ముందు వాళ్ళతో సమాధానపడి రావాలని పాస్టరుగారు హెచ్చరిస్తారు. ఆ పరీక్షకు మావాళ్ళిచ్చే వ్యవధి పాటలో ఒక చరణమంత. ఆ చరణం అయ్యేలోపు ఇంతమంది ఇన్ని పాపాలు ఎలా చూసుకుంటారో నాకు నేటికీ అంతుపట్టదు. ఆ ఆదివారం పళ్ళెం తెచ్చింది నాన్నే. మావయ్య చెయ్యి లేవలేదు. "ఇప్పుడే కాదు బావా" అని పళ్ళేన్ని పక్కవాళ్ళకు జరిపేశారు. చెయ్యి చాపితే పోలయ్య బుట్ట ఎత్తిన చెయ్యి కనపడిందట.

మర్నాడే ఆ అధికారి దగ్గరికి వెళ్ళి, "తుక్కు తడిగా ఉన్నాది. జయరాజు వెయ్యమన్నాడు. నాను సూసి ఊరుకున్నాను. ఆడు తాగలేదు. నాను తలూపింది అబద్ధం" అని చెప్పేశారు. పోలయ్య పేరు మీది మచ్చ పోయింది. మావయ్య, నాన్న ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. మమ్మల్ని పెందుర్తిలో చిన్న ఇంటికి మార్చేటప్పుడు నాన్న గేటు బిగించి, "మీ అన్నయ్య ఈ గడప ఎక్కితే నాను చచ్చినట్టే" అని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఇక మా భక్తజనుల సంగతి! నిజం చెప్పిన మనిషి మీద వాళ్ళు చూపిన ఆగ్రహంలో పదోవంతు కూడా అబద్ధం చెప్పిన మనిషి మీద చూపలేదు. చెల్లెలి కాపురం మీద మన్ను పోశాడన్నారు. ఆయన పిల్లలకు చెప్పే సండే స్కూలు పాఠాలు మాన్పించారు. ఉపవాస కూడికలో మధ్యన కూర్చోబెట్టి, "నీకు పిల్లల్లేరు, భార్య పోయింది, ఉద్యోగం పోయింది. ఏ పాపం దాచావో ఒప్పుకో" అని చుట్టూ చేరి అరిచారు. ఆయన ఓపిగ్గా విని, "ఉద్యోగం వస్తే దేవుడు మెచ్చాడూ, పోతే దేవుడు కొట్టాడూ. ఆయనకి ఇంకేటీ పన్లేదేటండీ?" అన్నారు. ఆ ఒక్క మాటకు గర్విష్ఠి అని ముద్ర వేశారు. నాన్నను మాత్రం కొంతకాలం పక్కన పెట్టి, మళ్ళీ పెద్దరికం ఇచ్చి, పళ్ళెం చేతిలో పెట్టారు. మంచి కంఠం, మంచి కోటు, ఇంకేం కావాలి!

మావయ్య తల వంచుకుని పోలయ్య ఇంటికి వెళ్ళారు. భీమిలి బస్సు దిగి ఇసకలో నడిచి, పోలయ్య భార్య పైడమ్మ గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, నా మీద నీకేటైనా ఉందా?" అని అడిగారు. ఆవిడ ఎండబెట్టిన చేపల్ని ఒక్కొక్కటే తిరగేసిందట. తర్వాత అందట: "ఉంది బాబూ. సచ్చీదాకా ఉంటాది. లేదంటే అబద్దమాడినట్టు. ఎండన పడి వొచ్చావు, కూసో." ఆ మాట చెప్పేటప్పుడల్లా మావయ్య కళ్ళు మెరిసేవి. "క్షమించీసానంటే బతికిపోయీవోణ్ణి అమ్మలూ, మళ్ళీ వెనక్కి తిరిగి సూసీవోణ్ణి కాదు. ఉందని సెప్పింది, కూసోమంది. నాకు రెండూ కావాలి" అనేవారు. ఆ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి వచ్చేవారు. అది మొదలు, ఓపిక ఉన్నంతకాలం వెళ్తూనే ఉన్నారు. మోకాళ్ళు పట్టేశాక నా స్కూటీ మీద నేనే తీసుకెళ్ళేదాన్ని. వాళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. చేపల ధర, గాలి, పిల్లల చదువులు, అంతే.

ఇంకొక గుమ్మం మాది. ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందురోజు, శనివారం సాయంత్రం, మావయ్య పెందుర్తి వచ్చి మా గేటు గడియ పట్టుకుని నిలబడేవారు. లోపలికి వచ్చేవారు కాదు, అమ్మ ఒట్టు ఉంది కదా. "బావా, నా మీద నీకేటైనా ఉందా?" అని గట్టిగా అడిగేవారు. నాన్న టీవీ సౌండు పెంచేవాడు. టీవీలో కూడా వాక్యోపదేశమే, అదొక దరిద్రం! అమ్మ గేటు సందులోంచి మజ్జిగ గ్లాసు అందించేది. ఆయన తాగి, గ్లాసు ఇచ్చి, మళ్ళీ బస్సుకు నడిచేవారు. మర్నాడు నాన్న పళ్ళెంతో వచ్చేవాడు. "ఇప్పుడే కాదు బావా." నాన్న మొహంలో ఒక సన్నటి తృప్తి కదిలేది, నేను చూశాను. జనం మాత్రం, ఏదో ఘోరపాపం ఉంది కాబట్టే ముట్టడం లేదని చెవులు కొరుక్కునేవారు.

నేనొకసారి ఉండబట్టలేక పోట్లాడాను. "నువ్వు నిజం చెప్పావు. తప్పు ఆయనది. నువ్వెందుకు మావయ్యా అడుక్కునేవాడిలా గేటు దగ్గర నిలబడతావు? హాయిగా రొట్టె తీసుకో." ఆయన అన్నారు: "నిజం సెప్పీసాను, బాగానే ఉన్నాది. గానీ ఆ తర్వాత జయరాజు రోడ్డున పడ్డాడని ఇన్నప్పుడు నా లోపల సంబరపడ్డాను అమ్మలూ. బాగా అయ్యింది ఎదవకి, అనుకున్నాను. నీతిగా మాటాడిన నోట్లోనే అది ఉన్నాది. ఎవుడికీ కనపడదు, నాకు కనపడింది. ఇనుం పోసీముందు గరిటెతో శాంపిలు తీసి సూస్తాం గదా, సూడకుండా పొయ్యం. మరి నన్ను నాను సూసుకోకుండా బల్ల దగ్గిరికి ఎలా ఎల్తాను?"

నాకు అప్పుడు కోపం చల్లారలేదు, ఇప్పుడూ చల్లారలేదు. కానీ ఆ మాట విన్న రోజున, మా మందిరంలో విశ్వాసమంటే ఏమిటో ఎరిగినవాడు వెనక బెంచీలో కూర్చుని పళ్ళెం జరిపేసే ఈ మనిషి ఒక్కడేనని రూఢి అయింది. శోధనలు మనిషిని కృంగదీస్తాయని విన్నాను, వీధిన పడేస్తాయని చూశాను. ఆయన్ని మాత్రం అవి నిశ్శబ్దపరిచాయి. ఆ పాత అరుపుల ప్రార్థన పోయింది. పెదవులు కదిలేవి, అంతే. "రొట్టె లేకుండా ఇన్నాళ్ళు ఎలా ఉన్నావు?" అని అడిగితే, "నెల నెలా తిన్నప్పుడు ఆకలి తెలిసీది కాదు. అలవాటుగా తినీసీవోణ్ణి. ఇప్పుడు ఆకలేస్తంది. ఆ ఆకలే నా భక్తి" అన్నారు. ఇన్నేళ్ళలో ఏ వేదిక మీదా ఇంతటి ప్రసంగం నేను వినలేదు.

నా నోటి దురుసు ఆయనకు తెలుసు. నాన్నని చూస్తే అసహ్యమేస్తోందని ఎన్నిసార్లు అన్నానో. ఆయన మందలించలేదు. "అసయ్యం మంచిదే, ముక్కు పనిసేస్తందన్నమాట. గానీ అవతలోడి మీదకి పంపీముందు దాన్ని నీ సుట్టూ ఒకసారి తిప్పు. నీకాడ ఏటీ లేదంటే అప్పుడు పంపు" అనేవారు. ఆ తిప్పే పని నాకు చేతకాదని తెలిసి నవ్వేవారు కూడా.

ఆసుపత్రిలో ఆఖరి రోజులు. పాస్టరుగారు రొట్టె, రసం చిన్న పెట్టెలో పెట్టుకుని వచ్చారు. మావయ్య గుమ్మం వైపు చూసి, "జయరాజు వస్తన్నాడా?" అన్నారు. నేను బయటికి వచ్చి నాన్నకు ఫోను చేశాను. "నాన్నా, ఒక్కసారి రా. ఏమీ మాట్లాడక్కర్లేదు, వచ్చి నిలబడు చాలు" అని బతిమాలాను. "సంఘ పెద్దల మీటింగులో ఉన్నాను, తర్వాత చూద్దాం" అన్నాడు. వెనక నవ్వులు, టీ గ్లాసుల చప్పుడు వినిపించాయి. లోపలికి వెళ్ళి, రావడం లేదని చెప్పాను. మావయ్య పాస్టరుగారి చేతిని మెల్లగా పక్కకు జరిపి, "ఇప్పుడే కాదండి" అన్నారు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మలూ, శనివారం నాను రాలేను. నువ్వు ఇంట్లోనే ఉంటావు గదా. నా బదులు అడుగు" అన్నారు. ఆ శనివారం రాకముందే వెళ్ళిపోయారు.

ఆ మాట నాన్నకు నేను చేరవేయలేదు. కూడికలో ఆయన నటన చూశాక నా నాలుక తిరగలేదు.

తర్వాత మొదటి ఆదివారం వచ్చింది. మావయ్య కూర్చునే వెనక బెంచీలో, ఆయన చోటు పక్కన కూర్చున్నాను. పాట పాడారు, పరీక్షించుకోమన్నారు, చరణం అయిపోయింది. నాన్న పళ్ళెం పట్టుకుని మా వరసకు వచ్చాడు. మావయ్య చెప్పినట్టే ఆ అసహ్యాన్ని ఒకసారి నా చుట్టూ తిప్పి చూసుకున్నాను. నా దగ్గర చాలా ఉంది. "ఇప్పుడే కాదు నాన్నా" అన్నాను. పళ్ళెం జరిపే చెయ్యి నాది, మాట మావయ్యది. నాన్న కదల్లేదు. వెనక వస్తున్న ఇంకో సంఘ పెద్ద, గ్లాసుల పళ్ళెంతో ఆగిపోయాడు. నేను మెల్లగానే అడిగాను: "నా మీద నీకేటైనా ఉందా నాన్నా? మావయ్య అడగమన్నాడు." నాన్న పళ్ళేన్ని బెంచీ అంచు మీద పెట్టేశాడు. పక్కవాళ్ళెవరో అందుకున్నారు.

మధ్యాహ్నం ఇంట్లో నాన్న అన్నం కలిపి తినకుండా కూర్చున్నాడు. టీవీ పెట్టలేదు. చెయ్యి కడిగేసుకుని, నన్ను చూడకుండా, "ఆ భీమిలి ఆవిడ ఇల్లు నీకు తెలుసు గదేటి" అన్నాడు. తెలుసన్నాను. జాలి కలగలేదు, ఉన్నదే చెబుతున్నాను. అసహ్యం అలాగే ఉంది. అయినా మావయ్య వెనక కూర్చునే ఆ స్కూటీ బయటికి తీశాను.

ఆనందపురం దాటి భీమిలి వెళ్ళాం. పైడమ్మ అరుగు మీద కూర్చుని వల ముక్క ఒకటి అతుకుతోంది. నన్ను చూసి, "పెద్దాయన పోయాడంట గదమ్మా. ఆయన లాటోడు మళ్ళీ వస్తాడేటి!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా వెనక ఉన్న మనిషిని చూసింది. నాన్న చెప్పులు విడిచాడు. గ్రాంథికం రాలేదు. "అమ్మా, నాను జయరాజుని. తడి తుక్కు వెయ్యమన్నది నాను. మీ ఆయన తాగాడని సెప్పింది కూడా నానే. నా మీద నీకేటైనా ఉందా?" అన్నాడు.

ఆవిడ వలకు ఇంకో ముడి వేసింది.

"ఉంది" అంది. "ఆ పెద్దాయన ఇదే మాట అడిగితే కూసోమన్నాను. నువ్వు కాసేపు నించో."

నాన్న ఎండలో నిలబడ్డాడు. అరుగు మీద మావయ్య కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ మేమెవరమూ కూర్చోలేదు.